ప్లే డే ఎవరిది? (ఖని ముచ్చట్లు – 19)



సింగరేణిల ఆదివారాన్ని ఏమంటరో తెలుసా? ప్లే డే అంటరు. గోదావరిఖనిల పుట్టినోళ్లకు ఇది కొత్త ముచ్చట కాదు. యూనివర్సిటీ హాస్టళ్లల్ల కూసోని ఈ పోస్టులు చదివే తమ్ముళ్లకు, చెల్లెండ్లకు చెప్తున్న. ప్లే డే అంటే ఆడుకునే రోజు. పేరైతే అదే. కాని మా బస్తీల ఒకామె ఇంకొకామెతోని "ఈ వారం మా ఆయినకు ప్లే డే దొరికిందక్కా" అన్నదంటే, ఆయిన పిల్లల్ని తీస్కొని గోదారి ఒడ్డుకు పోతున్నడని కాదు. ఆదివారం గూడ బాయి మీదికి పోయి డబుల్ మస్టర్ వేయించుకుంటున్నడని. ఇంకో మాట గూడ ఉన్నది, పీహెచ్‌డీ. ఖని పిలగాడెవడన్న "మా నాయిన మొన్న పండుగకు పీహెచ్‌డీ చేసిండు" అంటే థీసిస్ ఏ సబ్జెక్టుల అని అడుగకుండ్రి. జీతంతోటి సెలవున్న పండుగనాడు డ్యూటీకి దిగిండని దానర్థం.

ఆడుకునే రోజును అమ్ముకునుడే అదృష్టమని మా వాడల అందరం అనుకుంటం. బిడ్డ ఇంజినీరింగ్ ఫీజుకో, ఇంటి స్లాబుకో ఆదివారాలు అమ్మిన పర్మినెంటు కార్మికుల మీద నాకు కోపం లేదు. ఆయినకు అమ్ముకోనీకన్నా ఒక ఆదివారం ఉన్నది. ఈ భాగం ఆ ఆదివారం అసలే లేనోళ్ల గురించి.

మా అమ్మ ఒక కాంట్రాక్టరు కింద పద్నాలుగేండ్లు ఊడ్చింది. ఏ సంస్థ, ఏ కాంట్రాక్టరు అన్నది పక్కన పెడుతున్న. ఈ పట్టీల ఎవల కింద ఊడ్చినా కత పెద్దగ మారదు. ఆమె ఊడ్చిన జాగల ఒక పార్కు గూడ ఉండె. సోమవారం పొద్దుగాల అయిదింటికే పోయేది. సోమవారం పని ఎక్కువ, ఎందుకంటే ఆదివారం జనం వచ్చి పోయి ఉంటరు. మిర్చి బజ్జీ కాగితాలు, ఐస్‌క్రీం కప్పులు, కేకు డబ్బాలు, పలిగిన బుగ్గలు. ఎవల బిడ్డకు పుట్టినరోజయిందో కేకు డబ్బ మీది పేరు చూసి చెప్పేది. చదువురాని మా అమ్మ ఆ అక్షరాలు నాతోని చదివించేది. ఒకసారి ఎవలో మరిచిపోయిన ప్లాస్టిక్ బంతి తెచ్చిచ్చింది. నేనూ మా అక్కా రెండేండ్లు దానితోనే ఆడుకున్నం. ఆ పార్కుకు ఒక్క ఆదివారం సాయంత్రమన్నా మమ్మల్ని తీస్కపోయిందా అంటే లేదు. ఎవలూ ఆపలేదు, గేటు కాడ బోర్డేం లేదు. "రోజూ సూసేదే గదరా, అండ్ల ఏమున్నది" అనేది. ఊడ్చిన చోట చీర కట్టుకొని పోయి కూసునుడు ఆమెకు సిగ్గుగ ఉండెనని నాకు చాన ఏండ్లకు సమజయింది. పొద్దున చీపురు పట్టినామెను గుర్తుపట్టినోళ్లు సాయంత్రం పక్క బెంచీ మీద చూస్తే ఏమనుకుంటరో అని.

బడిల వ్యాసం రాయమన్నరు, 'సెలవులలో నేను చూసిన ప్రదేశం'. నేను హైదరాబాదు జూ గురించి రాసిన. పులిని, ఏనుగును, పిల్లల రైలును రాసిన. క్లాసుల నాది చదివి వినిపించిన్రు. ఆ జూను నేను మొదటిసారి చూసింది ఇరవై మూడేండ్లకు, ఉద్యోగం పరీక్షకు పోయినప్పుడు. ఆ క్లాసుల నా లెక్క కల్పించి రాసినోళ్లు ఇంక ఎంతమందో. మా వెనుక బెంచీలు మొత్తం అనుకుంటున్న.

ఇగ 2025 దసరా కాడికి వద్దాం. బతుకమ్మ పండుగ మొదట్ల, సెప్టెంబర్ 22నాడు సర్కారు బోనస్ ప్రకటించింది. అభివృద్ధి పనులకు పక్కన పెట్టింది పోను మిగిలిన 2,360 కోట్ల సింగరేణి లాభంల 34 శాతం, కాంట్రాక్టోళ్లకిచ్చేది గూడ కలిపి మొత్తం 819 కోట్లు కార్మికులకు. పర్మినెంటు కార్మికులు 41 వేలమందికి తలకు 1,95,610 రూపాయలు. కాంట్రాక్టు కార్మికులు 30 వేలమందికి తలకు 5,500 రూపాయలు. 2024ల ఇదే పద్ధతిల పర్మినెంటుకు సగటున 1 లక్షా 90 వేలు, కాంట్రాక్టుకు 5,000. చరిత్రల మొదటిసారి కాంట్రాక్టోళ్లకు గూడ ఇస్తున్నమని అప్పుడు పండుగ చేసిన్రు. 2025ల అయిదు వందలు పెంచినమని ఇంకో పండుగ.

కాగితం పెన్ను తీసుకోండ్రి. 5,500ను 30 వేలతోటి గుణిస్తే 16 కోట్ల 50 లక్షలు. 819 కోట్లల్ల అది రెండు పైసల వంతు. మిగిలిన తొంభై ఎనిమిది పైసలు ఎటు పోయినయో లెక్క చెప్పనక్కర లేదు. ఒకే బొగ్గు, ఒకే దుమ్ము. మన్ను ఎత్తే డంపర్ నడిపేది కాంట్రాక్టోడు, బంకర్ల కాడ ఊడ్చేది కాంట్రాక్టామె, దవాఖానల వార్డు కడిగేది, కాలనీల మోరీలు తీసేది, గేటు కాడ రాత్రంత నిలబడేది కాంట్రాక్టోళ్లే. ఒకని బోనస్‌తోటి ఇంకో ముప్పై అయిదు మందికి బోనస్ వస్తది.

లక్షా తొంభై అయిదు వేలు చేతికొచ్చిన ఇంట్ల దసరాకు ఏం జరుగుతదో ఖని బజార్లు చూస్తే తెలుస్తది. లక్ష్మీనగర్‌ల కాలు పెట్ట సందుండదు. బంగారం దుకాన్లు, బండ్ల షోరూములు, టీవీల దుకాన్లు. పిల్లల్ని తీస్కొని తిరుపతి పోయేటోళ్లు, అరకు పోయేటోళ్లు. సంతోషమే. నా దోస్తులు, చుట్టాలు గూడ అండ్ల ఉన్నరు. 5,500 వచ్చిన ఇంట్ల? మా అక్క గూడ ఇప్పుడు కాంట్రాక్టు పనే చేస్తది. ఇద్దరు పిల్లలకు బట్టలు, మొగనికి ఒక అంగీ, కిరాణం బాకీల కొంత. 2025ల దసరా అక్టోబర్ 2 మీద పడ్డది, గాంధీ జయంతి అని మటన్ దుకాన్లు బందు, ఒకరోజు ముందే కొనుక్కోవాలె. ముందురోజు కొనాలంటే ముందురోజే పైసలుండాలె. జమ్మి ఆకు మాత్రం ఇద్దరింటికీ ఒక్కతీరే వచ్చింది. దాన్ని గూడ బంగారమనే అంటరు.

"పైసల గురించి మాట్లాడు, జీతాల గురించి మాట్లాడు, గీ పార్కులు, షికార్లు ఏందన్నా" అని మీలో కొందరు ఇప్పటికే అనుకుంటున్నరు. పోయిన నెల ఒక మీటింగుల ఒక సీనియర్ కామ్రేడు నా మొఖం మీదనే అన్నడు, ఆకలి తీరనోనికి ఐస్‌క్రీం ముచ్చటెందుకని. నవ్విన్రు. ఆ నవ్వుకు జవాబే ఈ పోస్టు.

మన రాజ్యాంగం 43వ అధికరణం తీసి చదువుండ్రి. కార్మికులందరికీ, వ్యవసాయం చేసేటోళ్లయినా పరిశ్రమల పనిచేసేటోళ్లయినా, బతకడానికి చాలే జీతం, మంచి జీవనం అని చెప్పి ఆగిపోలేదు. తీరికను నిండుగ అనుభవించే పరిస్థితి, సామాజిక సాంస్కృతిక అవకాశాలు కల్పించేటందుకు రాజ్యం ప్రయత్నం చేయాలె అని అదే వాక్యంల ఉన్నది. జీతం ముందు, తీరిక తర్వాత అని వరుస పెట్టలేదు. ఒక్క దగ్గరనే కూసోబెట్టిన్రు. అది ఆదేశిక సూత్రం, కోర్టుకు పోయి అడుగరాదు అంటరా? సరే, 15వ అధికరణం రెండో భాగం చూడుండ్రి. అది ప్రాథమిక హక్కు. దుకాన్లు, హోటళ్లు, బాయిలు, చెరువులు, స్నాన ఘట్టాలు, రోడ్లు, అండ్లనే సార్వజనిక వినోద స్థలాలు. కులం పేరు మీద ఎవరినీ అక్కడ ఆపొద్దు. ఊరి బాయి నీళ్ల కోసం కొట్లాడిన జాతి మనది. అదే పేరాల వినోదం గూడ ఉన్నదని మనమే మరిచిపోయినం.

అంబేడ్కర్ ఇది ఊరికెనే రాయించలేదు. 1942 నుంచి 1946 దాక వైస్రాయ్ కౌన్సిల్‌ల లేబర్ మెంబరుగ ఉన్నప్పుడు, 1943 డిసెంబర్‌ల ఝరియా బొగ్గు గనులకు పోయిండు. ఒడ్డు మీద నిలబడి ఫొటో దిగి రాలేదు, లోపలికి దిగి చూసిండు. రెండు నెలలు తిరుగకముందే, 1944 జనవరి ఆఖరుకు బొగ్గు గని కార్మికుల సంక్షేమ నిధి ఆర్డినెన్స్ వచ్చింది. 1947ల అది చట్టమయినప్పుడు ఆ నిధి వేటికి ఖర్చు పెట్టాలెనో రాసిన్రు. ఇండ్లు, నీళ్లు, చదువు, వైద్యంతోని పాటు వినోద సౌకర్యాలు గూడ. అప్పుడు సింగరేణి నిజాం రాజ్యంల ఉన్నది, బ్రిటిష్ ఇండియా ఆర్డినెన్స్ ఇక్కడికి రాలేదు, నిజమే. కాని దేశంల బొగ్గు కార్మికునికి ఆట, పాట, సినిమా అనేది యజమాని దయ కాదు, టన్ను మీద సెస్సు వేసి వసూలు చేసి పెట్టాల్సిన ఖర్చు అన్న లెక్క అక్కడ మొదలయింది. ఫ్యాక్టరీలల్ల వారానికి 54 గంటల పనిని 48కి దించిన 1946 సవరణ గూడ ఆయిన లేబర్ మెంబరుగ ఉన్నప్పటిదే. సంక్షేమ నిధి చట్టాన్ని 1986ల రద్దు చేసి, ఆ బాధ్యతను బొగ్గు కంపెనీలకే అప్పజెప్పిన్రు. మా కాలనీల క్లబ్బులు, స్టేడియాలు, పార్కులు చూసి "కంపెనీ ఎంత మంచిదో" అనేటోళ్లకు ఈ చరిత్ర చెప్పాలె.

తీరిక మీద అంబేడ్కర్ ఇంక లోతుగ రాసిండు. 1945ల వచ్చిన, కాంగ్రెసు, గాంధీ అంటరానివాళ్లకు ఏం చేసిన్రని అడిగిన పుస్తకంల, యంత్రాన్ని కాదనే గాంధీ వాదాన్ని ఎందుకు ఒప్పుకోడో చెప్పిండు. మనిషి బతుకు పశువు బతుకు కాకుండ ఉండాలంటే తీరిక కావాలె, తీరిక ఉంటేనే సంస్కృతి, ఆ తీరికను అందరికి ఇయ్యగలిగేది యంత్రం అని ఆయిన వాదన. యంత్రాలు లేనప్పుడు కొందరి తీరిక ఇంకొందరి రెక్కల మీద వస్తది. మన తాతల రెక్కల మీద ఎవలు తీరికగ కూసున్నరో మీకు చెప్పాల్నా?

ఈ వాదాన్ని సింగరేణిల పెట్టి చూడుండ్రి. 1990ల మొదట్ల ఈ కంపెనీల 1 లక్షా 16 వేలమంది పర్మినెంటు కార్మికులు. తట్టా చెమ్మాసు పట్టిన కోల్ ఫిల్లర్లు, అండ్ల మన మాల మాదిగ బిడ్డలు ఎంతమందో ఏ పాత బస్తీల అడిగినా చెప్తరు. అటెనుక యంత్రాలు వచ్చినయి. షావెళ్లు, డంపర్లు, ఓపెన్‌కాస్టులు. బొగ్గు పెరిగింది, లాభం పెరిగింది. అంబేడ్కర్ లెక్క ప్రకారం తీరిక పెరగాలె. పెరిగింది ఏంది? పర్మినెంటోళ్లు 41 వేలకు దిగిన్రు, వాళ్ల పక్కకు 30 వేల కాంట్రాక్టోళ్లు వచ్చిన్రు. యంత్రం ఇచ్చిన తీరికను యజమాని మిగులు కింద రాసుకున్నడు. ఫిల్లర్ కొడుకుకు బాయి పని గూడ లేదు, సెలవు గూడ లేదు.

2025 నవంబర్ దాక నడిచిన 1952 నాటి గనుల చట్టం, 28వ సెక్షన్: గనిల ఎవరితోనైనా వారంల ఆరు రోజులకంటె ఎక్కువ పని చేయించొద్దు. పర్మినెంటు, కాంట్రాక్టు అని తేడా లేకుండె. కాని విశ్రాంతి రోజుకు జీతమియ్యాలె అని ఆ సెక్షన్ చెప్పలేదు. రోజు కూలి మీద బతికే మనిషికి జీతం లేని సెలవంటే ఏంది? పొయ్యి కాడ సెలవు. మా అక్కకు ఆదివారం వస్తే గుండెల రాయి పడ్డట్టు ఉంటది. అందుకే ఆ రోజు ఇంకో ఇంట్ల బట్టలుతుక పోతది.

ఇంకో కాగితం ఉన్నది, బొగ్గు పరిశ్రమ జాతీయ వేతన ఒప్పందం. పదకొండోది 2023 మే 20న సంతకాలయింది. అండ్ల ఎల్టీసీ, ఎల్‌ఎల్‌టీసీ అని ఉంటయి. కార్మికుడు కుటుంబంతోటి సొంతూరికో, దేశం చూడనీకో పోయొస్తందుకు కంపెనీ ఇచ్చే పైసలు. అంటే ఆలుబిడ్డలతోని యాత్ర పోవుడు బొగ్గు కార్మికుని హక్కు అని యూనియన్లు, కంపెనీలు టేబులు మీద కూసోని ఒప్పుకున్నయి. ఐస్‌క్రీం ముచ్చట అని నవ్విన కామ్రేడు యూనియన్ గూడ ఆ కాగితం కింద ఉన్నది. పర్మినెంటు బిడ్డకు షికారు హక్కయితే కాంట్రాక్టు బిడ్డకు అది ఐస్‌క్రీం ఎట్లయితది?

ఆయినను ఒక్కన్నే అని లాభం లేదు. కాంట్రాక్టు కార్మికులు 2022 సెప్టెంబర్‌ల 18 రోజులు సమ్మె చేసిన్రు. హైపవర్ కమిటీ వేతనాలు కావాలన్నరు. ఆ సమ్మెల నేను గూడ టెంటు కింద కూసున్న. మా డిమాండ్ల పత్రంల తీరిక గురించి, వారపు సెలవుకు జీతం గురించి గట్టిగ కొట్లాడినమా అంటే, జీతాల ముచ్చటలనే అన్ని పోయినయి. ఆ తప్పుల నేను గూడ ఉన్న.

ఇంకో తప్పు ఒప్పుకోవాలె. మన సంఘాల మీటింగులన్నీ ఆదివారమే పెడ్తం. జయంతులు, వర్ధంతులు, సదస్సులు, కమిటీలు. వారంల ఒక్కరోజు ఇంటి కాడుండే మొగోణ్ణి మనం గుంజుకపోతం. ఆయిన భార్య ఆ రోజు గూడ పిల్లల్ని చూసుకుంటది, మీటింగు మన ఇంట్లయితే పదిమందికి చాయ్ పెడ్తది. పద్దెనిమిదేండ్ల ఉద్యమంల నా బిడ్డను నేను ఎల్లంపల్లి ప్రాజెక్టుకు తీస్కపోయింది ఒక్కసారి. గేట్లు ఎత్తిన్రని ఖని మొత్తం పోయినప్పుడు. అది నీళ్లు దుంకుడు చూసి చెవులు మూసుకొని నవ్వింది. ఇంటికొచ్చినంక "నాన్నా, మీ మీటింగుల గూడ ఇట్లనే ఉంటదా" అన్నది. ఏం చెప్పాలె?

మనకు తీరిక ఇయ్యలేదని అనుడు గూడ తప్పే, ఒకటి ఇచ్చిన్రు. గల్లీ గల్లీకి బెల్టు షాపు. టికెట్టు లేదు, గేటు లేదు, పొద్దున ఆరింటికి గూడ దొరుకుతది, అప్పుకు గూడ ఇస్తడు. పర్మిషన్ లేని దుకానం సర్కారుకు కనపడదు, కనపడకుండ చూసుకుంటది. అక్కడికి ఆడోళ్లు పోరు, పిల్లలు పోరు. మొగోడొక్కడే పోతడు, ఇంటికి ఇంకో మనిషి అయి వస్తడు. 'దసరా' సినిమాల సిల్క్ బార్ చూసిన్రు గదా, మన పట్టీనే చూపెట్టిన్రు. కులం చూసి లోపలికి రానిచ్చే బారు. అది సినిమా. బయట ఇప్పుడు కులం అడిగేటోడు లేడు, అందరికి తలుపులు తెరిచిన్రు. మన పిల్లలకు తెరిచిన మొదటి క్లబ్బు అదే అయింది.

కొన్ని రోజుల కింద మన ఖని పిలగాడు ఒకడు, జర్మనీల చదువుకుంటున్నడు, ఎస్సెన్ అనే పట్నం నుంచి ఫొటోలు పంపిండు. బొగ్గు బాయి హెడ్‌గేరు. ఎత్తుగ, ఎర్రగ, మన బాయిల మీది చక్రాల స్తంభం లెక్కనే. దాని కింద గడ్డి మీద జనం దుప్పట్లు పరుచుకొని పిల్లలతోని కూసున్నరు. ముసలాయిన సైకిలు మీద పోతున్నడు. త్సోల్‌ఫెరైన్ అని ఆ బాయి పేరు. ఒకప్పుడు ఐరోపల పెద్ద బొగ్గు బాయిలల్ల ఒకటి. మూతపడ్డ తేదీ చూసి ఉలిక్కిపడ్డ, 1986 డిసెంబర్ 23. మన సింగరేణి కంపెనీ పుట్టిన తేదీ 1920 డిసెంబర్ 23. మనం సింగరేణి డే చేసుకునే రోజే వాళ్ల బాయి బందయింది. 2001ల యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వంల కలిపింది. మ్యూజియంకు టికెట్టు ఉంటదట గని ఆవరణ మొత్తం ఎవలన్నా తిరుగొచ్చు. ఎండకాలం ఈత కొలను, చలికాలం బొగ్గు బట్టీల పక్కన మంచు మీద జారే ఆట.

ఆ దేశ రాజ్యాంగంల ఆదివారానికి గూడ జాగ ఉన్నది. ఆదివారం, పండుగలు పని ఆపే రోజులుగ చట్టం కాపాడాలె అని 1919 నాటి వైమార్ రాజ్యాంగంల ఒక అధికరణం రాసుకున్నరు, ఇప్పటి రాజ్యాంగంల గూడ దాన్ని అట్లనే నిలబెట్టుకున్నరు. ఆదివారం దుకాన్లు బందుంటయి, కూరగాయలు శనివారమే కొనుక్కోవాలని మా పిలగాడు మొదట్ల తిట్టుకునెటోడు. దుకాన్ల పనిచేసే ఆమెకు గూడ బిడ్డలుంటరని ఎవలో చెప్పినంక ఊకున్నడట.

జర్మనీని నేను నెత్తిన పెట్టుకోను. ఆ బాయిలల్ల పనికి 1961ల టర్కీతోటి ఒప్పందం చేసుకొని మనుషుల్ని తెచ్చిన్రు. అతిథి కార్మికులని పేరు పెట్టి బ్యారకుల్ల ఉంచిన్రు, ఆలుబిడ్డల్ని తేనీకె ఏండ్లు పట్టింది. అతిథి అనే మాటకు, కాంట్రాక్టు అనే మాటకు మధ్యల పెద్ద దూరం లేదు. ఇంకొకటి, వాళ్లకు పని పోయినంకనే పార్కు వచ్చింది. మనకు బాయి మూసినంక వచ్చే పార్కు ఎందుకు? నడిచేటప్పుడే కావాలె.

మన దగ్గర గూడ బొగ్గు టూరిజం అని పెట్టిన్రు. 2022 డిసెంబర్‌ల ఆర్టీసీ 'సింగరేణి దర్శన్' బస్సు మొదలయింది. హైదరాబాదోళ్లు వచ్చి బాయి చూడాలె, ఓపెన్‌కాస్టు చూడాలె. చూడనీ, మంచిదే, మా బతుకు ఎట్లుంటదో వాళ్లకు తెలువాలె. ఆ వచ్చినోళ్లకు 2003 జూన్ 16 గురించి గూడ చెప్పాలె, ఖని 7 ఎల్‌ఈపీ బాయిల నీళ్లు చొచ్చుకొచ్చి 17 మంది పోయిన రోజు. అదే యేడు అక్టోబర్ 16న 8ఏ ఇంక్లైన్‌ల పది మంది. నా ప్రశ్న ఇంకోటి. బంకర్ కాడ ఊడ్చే తల్లి ఎక్కడ పనిచేస్తదో ఆమె బిడ్డ ఎన్నడన్న చూసిందా? హైదరాబాదు బిడ్డకు చూపెట్టేది ఖని బిడ్డకు ఎందుకు చూపెట్టరు? వచ్చే డిసెంబర్ 23నాడు స్టేడియంల స్టాళ్లు పెడ్తరు, జెండా ఎగురేస్తరు, ఉత్తమ కార్మికులని శాలువాలు కప్పుతరు. ఆ రోజు మైదానం ఊడ్చే ఆడోళ్లను ఆ సాయంత్రం పిల్లలతోని పిలిచి ముందట కుర్చీలల్ల కూసోబెట్టుండ్రి. వాళ్ల చీపురును ఆ ఒక్కరోజు ఆఫీసర్లు పట్టుకోవాలె అని నేను అననుగని, అంటే తప్పేముంది?

అడిగేటివి మస్తు ఉన్నయి, రెండు మూడు ఇప్పుడే రాస్త. వారానికో రోజు జీతంతోటి సెలవు, కాంట్రాక్టు అగ్రిమెంటులనే రాయాలె, కాంట్రాక్టరు ఇష్టం మీద ఉండొద్దు. ఎల్టీసీ లెక్కన కాంట్రాక్టు కుటుంబాలకు గూడ యాత్ర పైసలు. కమ్యూనిటీ హాళ్లు, క్లబ్బులు, ఈత కొలనులు ఈ పట్టీల పనిచేసే అందరికి ఒకే కిరాయి మీద, ఒకే వరుసల. మూతపడ్డ ఓపెన్‌కాస్టుల భూమిల చెట్లు పెట్టి కంచె కొట్టుడు కాదు, గేటు తీయుండ్రి. గోదారి ఒడ్డు మీద ఆడోళ్లకు మరుగుదొడ్లు. ఇది చిన్న డిమాండు అనేటోళ్లు ఒక పండుగనాడు పొద్దటి నుంచి మాపు దాక ఆ ఒడ్డు మీద ఉండి చెప్పుండ్రి. అన్నిటికంటె ముందు, కాంట్రాక్టు పనిల ఏ పనికి ఏ కులపోళ్లు ఎంతమంది ఉన్నరో లెక్క తీసి బయట పెట్టుండ్రి. చీపురు పనిల ఎవలున్నరో, సూపర్‌వైజర్ పనిల ఎవలున్నరో కాగితం మీద చూసుకుందాం.

ఇది ఎందుకు ఇప్పుడు రాస్తున్ననంటే, 2026 జనవరి 28 నుంచి 31 దాక సమ్మక్క సారలమ్మ జాతర. మేడారం పోలేనోళ్లు మా ఖని గోదారి ఒడ్డు జాతరకు పోతరు, గోలివాడకు పోతరు. రెండేండ్లకోసారి వచ్చే ఈ నాలుగు రోజులే మా బస్తీల ఆడోళ్లకు ఇల్లు విడిచి బయట ఉండే పండుగ. చెట్టు కింద పొయ్యి, కోడి కూర, పిల్లలు ఇసుకల, ముసలోళ్లు గొంగడి మీద. ఎవలూ ఎవలి కులం అడుగరని అననుగని, ఆ రద్దీల అడిగే తీరిక ఉండదు. బుధవారం నుంచి శనివారం దాక. కాంట్రాక్టోళ్లకు నాలుగూ పని రోజులే.

మొన్న రాత్రి మా అక్క ఇంట్ల ఈ ముచ్చటే నడిచింది. నాలుగు రోజులు పోతే నాలుగు మస్టర్లు పోతయి, కాంట్రాక్టరు వచ్చే నెల పనిల పెట్టుకుంటడో లేదో. బావది గూడ కాంట్రాక్టే. ఇద్దరు పోతే ఎనిమిది మస్టర్లు. ఒక్కరోజే పోయొద్దామని బావ, పిల్లలు ఏడుస్తరని అక్క. చివరికి బెల్లం ఎవల ఎత్తు ఇయ్యాల్నో, వాళ్లు మాత్రం తప్పక పోవాలె అన్నరు. ఇద్దరు పిల్లలవీ, అమ్మదీ మొక్కు ఉన్నయట. పిల్లల్ని, అమ్మను తీస్కపోయేతందుకు పెద్దోళ్లు ఒకరు కావాలె. నా మీటింగు డైరీ తీసి చూసిన. 29నాడు ఒక సదస్సున్నది. కొట్టేసిన.